వినని కబురు

1697 అక్టోబరు 3, సముద్రం మీద

ఓడ దినచర్య బ్రియాన్ రాస్తాడు. గాలి ఎటు, లోతు ఎంత, ఏ దిక్కుకు మళ్ళాం, అందులో అంతే ఉంటుంది. నా తర్వాత ఓడ బాధ్యత అతనిదే, దస్తూరీ కూడా గుండ్రంగా ఉంటుంది. ఇది మాత్రం నాది. పెట్టె అడుగున, చలికోటు కింద పడి ఉంటుంది. పెరీన్‌కి కూడా దీని సంగతి తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో నా పెళ్ళానికి చెప్పనిది ఇదొక్కటే అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

సెయింట్ మాలో రేవు దాటినప్పటి నుంచి ఒక్క ఇంగ్లీషు ఓడ చిక్కలేదు. ఒకదాని వెంట పొద్దస్తమానం పరుగెత్తి దగ్గరికి వెళ్ళేసరికి అది మన దేశపు ఉప్పు ఓడే అని తేలింది. దాని మీదివాళ్ళు మమ్మల్ని చూసి పగలబడి నవ్వారు. మా కలాసీలకు జీతాలు లేవు, వాటాలే. శత్రువుల ఓడ చిక్కితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకని గొణుగుతున్నారు, నాకు వినబడేంత గట్టిగానే.

"కెప్టెన్‌గారి పేరు వినగానే ఇంగ్లీషోళ్ళు సముద్రం ఖాళీ చేసి పోయుంటారు" అన్నాడు ఫిరంగి గ్వెన్ ఇవాళ, ఉప్పుమాంసం నములుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మండింది.

వేసవి అంతా ఇంగ్లీషువాళ్ళతో సంధి మాటలే. శత్రు ఓడలు పట్టుకోమని రాజుగారిచ్చిన పట్టా నా చేతిలో ఉన్నంత కాలం ఇంగ్లీషు ఓడను పడితే నేను వీరుణ్ణి. సంధి అమల్లోకి వచ్చాక అదే పని చేస్తే దొంగను. ఆ రోజు రాకముందు ఒక్కటి, ఒక్క పెద్ద ఓడ కావాలి నాకు. నేను రేవులోకి వస్తుంటే జనం కోటగోడల మీద నిలబడి పేరు పెట్టి కేకలేయడం ఇంకొక్కసారి వినాలి. యుద్ధం లేకపోతే నేనెవణ్ణి? చేపలు ఉప్పులో ఊరేసి అమ్ముకునే ముసలి మాతురాన్‌ని. నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంకెక్కడా రాయను.

అక్టోబరు 5

పొద్దున పొగమంచు విడిపోతుండగా ఒక చేపల పడవ మాకు అడ్డంగా వచ్చింది. లోపల ఒక్కడే మనిషి, తెడ్డుకు టోపీ తగిలించి ఊపుతున్నాడు. కాంకాల్ ఊరి జాకు. నాకు బాగా తెలిసినవాడే. అతని కొడుకు సెర్వాన్ నా కలాసీ. పోయిన చలికాలం నేను పట్టిన ఓడను రేవుకు చేర్చమని సెర్వాన్‌ను ఎక్కించి పంపాను. దారిలో ఇంగ్లీషువాళ్ళు దాన్ని తిరిగి లాక్కుని వాణ్ణి ప్లిమత్ జైల్లో పడేశారు.

అరవై దాటిన మనిషి, తాడు నిచ్చెన గబగబా ఎక్కేశాడు. రెండో కాలు డెక్కు మీద పెట్టకముందే మొదలెట్టాడు.

"సంధి అయిపోయింది కెప్టెన్‌గారూ. మా ఊరి సంతలో డప్పు కొట్టి మరీ చదివారు. మన సముద్రంలో ఇంక కాల్పులు లేవంట. ఖైదీలందర్నీ వదిలేస్తారంట. మా వాడు వచ్చేస్తున్నాడయ్యా. కనిపించిన ప్రతి ఓడకీ చెప్పుకుంటూ వస్తున్నాను."

"నిజమా మామా" అంటూ గ్వెన్ ఫిరంగి వదిలేసి వచ్చాడు. వాడిదీ కాంకాలే, జాకు పక్కిల్లు. నేను జాకు భుజం పట్టుకుని నా గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను.

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పడమేంటయ్యా, చదివారు. నేను విన్నాను."

"తాగి ఉన్నావు."

"తాగాను. కొడుకొస్తుంటే తాగనా? అయితే కబురు విన్నాకే తాగాను."

అతనికి ఇంకాస్త ఆపిల్ సారా పోశాను. మెల్లగానే చెప్పాను. "చూడు జాకూ, నువ్వు నాకేమీ చెప్పలేదు. చేపలు అమ్ముకోవడానికి వచ్చావు. సరేనా?"

వేళాకోళం అనుకుని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వడం ఆపాడు. "ఇప్పుడే కదయ్యా చెప్పాను" అన్నాడు.

అతను బయటికి వెళ్ళాక బ్రియాన్ వచ్చాడు. బ్రియాన్ ఎప్పుడూ గొంతు పెంచడు.

"సంధి సంగతి తెలియక పట్టుకుంటే ఓడ తిరిగి ఇచ్చేస్తే పోతుంది. తెలిసి పట్టుకుంటే ఉరి. మీకొక్కరికే కాదు, ఫిరంగి ముట్టించినవాడికీ తెరచాప తాడు లాగినవాడికీ కూడా."

"మనకేం తెలుసు? ఒక తాగుబోతు ఏదో వాగాడు."

"వాడు రేపు కచేరీలో న్యాయాధికారి ముందు కూడా అదే వాగితే?"

జాకును ఓడలోనే ఉంచుకున్నాం. ఈ పక్క ఆటుపోట్లు అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దారి చూపడానికి పనికొస్తాడు. అతని పడవను వెనక కట్టాం. సంధి మాటలు నేను వేసవి నుంచీ వింటున్నాను. ఇదీ వాటిలో ఒకటి.

అక్టోబరు 6

జాకు పడవ కొట్టుకుపోయింది. తాడు తెగిందట. కొస చూశాను, నున్నగా ఉంది. పాత తాళ్ళు ఒక్కోసారి అలాగే తెగుతాయి.

అక్టోబరు 7

జాకు మా అతిథి. నా బల్ల దగ్గరే తింటున్నాడు.

అక్టోబరు 8

అతిథి నోరు ఊరుకోవడం లేదు. చిరిగిన తెరచాప ఒళ్ళో వేసుకుని కుడుతూ కూర్చుంటాడు, చుట్టూ జనం. డప్పు ఎలా మోగిందో, ఎవరెవరు ఏడ్చారో, చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు పడేసి ఎలా ఎగిరారో చెబుతాడు. సెర్వాన్ వచ్చాక వాడికి గోధుమపిండితో కాదు, వాడికి ఇష్టమని నల్లగోధుమతో అట్లు పోయిస్తాడట. గ్వెన్ తనక్కూడా నాలుగు అట్లు చెప్పి పెట్టుకున్నాడు.

నేను దగ్గరికి వెళితే అందరూ లేచి చెదిరిపోయారు. జాకు మాత్రం కదల్లేదు.

"మీరు ఇంటికి మళ్ళించరేం కెప్టెన్‌గారూ?"

"గాలి లేదు."

అతను తలెత్తి నిండుగా పొంగి ఉన్న తెరచాపల వంక చూశాడు. మళ్ళీ సూది గుచ్చుకుంటూ పోయాడు. ముసలివాళ్ళతో ఇదే చిక్కు, ఏ మాటా అనరు, తిట్టడానికి సందివ్వరు.

అక్టోబరు 9

బ్రియాన్ నాతో పాటు డెక్కు మీద అటూ ఇటూ నడుస్తూ అన్నాడు. "అల పెద్దగా ఉంది. ఇలాంటప్పుడు ముసలివాళ్ళు కాలు జారుతుంటారు."

నేను ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడమంటే వద్దనడమే. బ్రియాన్‌కి నా సంగతి తెలుసు.

అక్టోబరు 10

జాకును నా గదిలో పడుకోమన్నాను. అతనికి దగ్గు పట్టింది, బయట చలి. తలుపు లోపల గడియ పెట్టాను. చలికే.

నిద్ర పట్టక అడిగాను, సెర్వాన్ నా మీద కోపంగా ఉంటాడా అని.

"ఎందుకూ? మీరు వాణ్ణి నమ్మి ఓడ అప్పజెప్పారు. ఊళ్ళో అందరికీ అదే చెప్పుకుంటుంటాను. మా కెప్టెన్‌గారు మా వాణ్ణి ఏరి మరీ పంపారని."

ఏరి పంపలేదు. ఆ పూట ఎదురుగా ఎవడు కనిపిస్తే వాణ్ణి పంపాను. అది చెప్పలేదు. రేపు ఇంకొక్క రోజు చూసి ఇంటికి మళ్ళిస్తాను. రేపు ఒక్కరోజే.

అక్టోబరు 11

ఇప్పుడే రాయాలి. రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

తెల్లవారాక ఉత్తరాన ఓడ. ఇంగ్లీషు జెండా. పెద్దది, నీళ్ళలో బరువుగా ఉంది, అంటే లోపల సరుకు. నన్ను చూసి కూడా దారి మార్చలేదు. పారిపోని ఇంగ్లీషు ఓడను నేను నా జన్మలో చూడలేదు. మేమూ ఇంగ్లీషు జెండా ఎత్తే ఉన్నాం, వాళ్ళను మోసగించడానికి, దగ్గర పడేదాకా. అందుకే పారిపోలేదు.

ఫిరంగి దూరంలోకి వచ్చాక ఆ ఇంగ్లీషు జెండా దించి మన రాజుగారి తెల్ల జెండా ఎత్తాం, గుండు లేని హెచ్చరిక కాల్పు ఒకటి కాల్చాం. పద్ధతి ప్రకారమే. దానికి వాళ్ళు లొంగిపోయి జెండా దించాలి, లేదా పారిపోవాలి. రెండూ చేయలేదు. తిరిగి కాల్చారు. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. డెక్కు నిండా మనుషులు, మా మీదికి దూకడానికి సిద్ధంగా ఉన్న సైనికుల్లాగా. చేతుల్లో ఏవో ఊపుతున్నారు. కత్తులే అయి ఉంటాయి.

జాకు నా పక్కనే ఉన్నాడు, పోటు సంగతి అడగడానికి నేనే పైకి రమ్మన్నాను. నా చేయి పట్టుకున్నాడు. "అయ్యా, అది మర్యాద కాల్పు. గుండు లేదు. నీళ్ళు చూడండి, ఎక్కడన్నా లేచాయా? సంధని మనకి మర్యాద చేస్తున్నారు."

పొగలో నీళ్ళు లేచాయో లేదో కనిపించలేదు.

నేను అతన్ని తోసేశాను. ఒక వైపు ఫిరంగులన్నీ ఒక్కసారే కాల్చమన్నాను.

తర్వాత ఆ ఓడలోంచి గొంతులు వినిపించాయి. మన భాషలో.

అక్టోబరు 12

నిన్న అక్కడ పొగ లేదు. గాలి అవతలికి వీచింది. నీళ్ళు లేవలేదు.

అద్దె ఓడ అది. ప్లిమత్ నుంచి మన ఖైదీలను సెయింట్ మాలోకు తెస్తోంది. సంధి పుణ్యమాని వదిలేసినవాళ్ళు. మా జెండా చూశారు, నా ఓడను గుర్తుపట్టారు, తమను తీసుకుపోవడానికి ఎదురొచ్చాననుకున్నారు. టోపీలు ఊపారు. నా పేరు పెట్టి కేకలేశారట. నేను వినాలనుకున్న కేకలే.

వాళ్ళ కెప్టెన్ మోచేయి గుడ్డతో కట్టుకుని నిలబడ్డాడు. వచ్చీరాని మన మాటలతో, "నువ్వు మర్యాద కాల్పు, నేనూ మర్యాద కాల్పు. సంధి కదా" అన్నాడు. కోపం కంటే వాడికి అర్థంకాకపోవడమే ఎక్కువగా ఉంది.

"మాకు తెలియదు" అన్నాను. నా వెనక మా కలాసీలు కింద చెక్కల వంక చూస్తూ నిలబడ్డారు.

జాకు అందరికంటే ముందు ఆ ఓడలోకి దూకాడు. సెర్వాన్ తెరచాప స్తంభం దగ్గర పడి ఉన్నాడు. మూడో ఫిరంగి గుండు అక్కడే తగిలింది. మూడో ఫిరంగి గ్వెన్‌ది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జాకు, నేను తెలియదన్నప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. గ్వెన్ మా ఓడలోంచి కదల్లేదు. ఫిరంగి పక్కన ముడుచుకుని కూర్చున్నాడు.

చనిపోయినవాళ్ళ పేర్లు ఇక్కడ రాద్దామనుకున్నాను. సగం మంది నా ఓడలో పనిచేసినవాళ్ళే. రాయలేకపోయాను.

అక్టోబరు 14, సెయింట్ మాలో

గోడల మీద జనం ఉన్నారు. ఎవరూ కేకలేయలేదు.

ఊళ్ళో ఒకటే మాట. పాపం, కెప్టెన్‌కి తెలియదు. తెలిసి ఎవడన్నా సొంతవాళ్ళ మీద కాలుస్తాడా? ఆడవాళ్ళు నన్ను చూసి జాలి పడుతున్నారు. దానికంటే రాళ్ళు వేసినా బాగుండును. ఇంగ్లీషు కెప్టెన్ నౌకా కచేరీలో ఫిర్యాదు ఇచ్చాడు. నాకు తెలుసా, తెలియదా అన్నదే విచారణ.

పెరీన్ భోజనం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నీకు తెలుసా?"

"తెలియదు."

"జాకు నీ ఓడలోకి ఎందుకొచ్చినట్టు?"

"దారి చూపడానికి."

"మన గుమ్మం ముందు నీళ్ళలో నీకు దారి చూపడానికా?" అంది. తర్వాత గిన్నె నా వైపు జరిపింది. పెరీన్ రెండోసారి అడగదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

అక్టోబరు 16

సెర్వాన్‌ను కాంకాల్‌లో పూడ్చారు. వెళ్ళాలని గుర్రం తెప్పించాను. మళ్ళీ పంపేశాను.

అక్టోబరు 18

రేపు విచారణ. జాకును సాక్షిగా పిలిచారు. బ్రియాన్ వచ్చాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ముసలాడు ఎవరితోనూ మాట్లాడటం లేదంట. ఈ పూట కాంకాల్ వెళ్ళి ఒకసారి కలిసి రానా?"

"వద్దు."

"ఊరికే, మాట్లాడటానికే."

"వద్దన్నాను బ్రియాన్. అతని గడప తొక్కితే నీ కాళ్ళు విరగ్గొడతాను."

ఈసారి నోరు విప్పే చెప్పాను. బ్రియాన్ వెళ్ళిపోయాడు.

రేపు జాకు నిజం చెబుతాడు. కొడుకు పోయినవాడు చెప్పక ఏం చేస్తాడు? అప్పుడు నేను లేచి, విన్నది నేనొక్కణ్ణే, గదిలో తలుపు వేసి చెప్పాడు, కలాసీలకు తెలియదు అంటాను. అది సగం అబద్ధం, అయినా వాళ్ళ మెడలు దక్కవచ్చు. నా మెడ పోతుంది. నిజంగానే అంటానని నా నమ్మకం.

అక్టోబరు 19

కచేరీ కిటకిటలాడింది. గ్వెన్ గోడ పక్కన నిలబడ్డాడు, వాళ్ళమ్మ వాడి చేయి పట్టుకుని ఉంది. మా కలాసీలందరూ ఉన్నారు, పెళ్ళాలతో సహా. జాకు నల్లకోటు వేసుకుని వచ్చాడు, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు భుజాలు వదులుగా ఉన్నాయి. సువార్త పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు.

"ఓడ ఎక్కేటప్పటికి నీకు సంధి సంగతి తెలుసా?" అని న్యాయాధికారి అడిగాడు.

"తెలియదండి."

"కెప్టెన్‌కి గానీ కలాసీలకు గానీ నువ్వేమైనా చెప్పావా?"

"చేపలు కొనమని చెప్పానండి."

"మీ ఊళ్ళో అప్పటికే డప్పు వేశారు కదా."

"నేను వేటలో ఉన్నానండి. వినలేదు."

గుమాస్తా అది రాసుకున్నాడు. నన్ను పిలిచారు. నేను లేచాను. అనాల్సిన మాట నోట్లోనే ఉంది. అది అంటే ఇప్పుడు దేవుడి మీద అబద్ధపు ప్రమాణం చేసినవాడు జాకు అవుతాడు, గోడ పక్కన ఉన్నవాళ్ళందరూ నా వెనకే ఉరికంబానికి వస్తారు. తెలియదన్నాను.

తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. ఓడ యజమానులు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. నేను వాళ్ళను విదిలించుకుని మెట్లు దిగాను. జాకు కోటు చేతి మీద వేసుకుని ఒక్కడే నడుస్తున్నాడు.

"జాకూ" అని పిలిచాను. ఆగాడు, వెనక్కి తిరగలేదు. నేనే ముందుకు వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక, "నా కోసం అబద్ధం ఆడాల్సింది కాదు" అన్నాను.

"నీ కోసమా?" అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదలు. "నీ ఒక్కడి మెడే అయితే తాడు నేనే లాగేవాణ్ణి. గ్వెన్‌గాడి తల్లి నా గోడ అవతల ఉంటుంది. వాడు మా సెర్వాన్‌తో ఒకే మంచంలో పడుకుని పెరిగాడు. నిన్ను ఉరేస్తే వాణ్ణీ వేస్తారు. నా ఇంట్లో ఏడుపు నాకు చాలు."

అతను కోటు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇంక నువ్వు ఎవరికీ చెప్పుకోకూడదు, తెలుసా? ఒప్పుకుని మనసు తేలిక చేసుకుందామని ఎప్పుడైనా అనిపిస్తుంది. వయసు మీద పడ్డాక మరీ అనిపిస్తుంది. నోరు విప్పావంటే ఆ పిల్లలందర్నీ నువ్వే చంపినట్టు. మోసుకు తిరుగు."

వెళ్ళిపోయాడు. అతను చెప్పింది అంతే.

అక్టోబరు 20

చర్చిలో పాపాలు చెప్పుకునే చోటు దాకా వెళ్ళి వచ్చేశాను. ఫాదర్‌గారు మంచివాడే, కానీ ఆయన తమ్ముడు కచేరీలో గుమాస్తా. పెరీన్‌కి చెప్పలేను. తెలిస్తే ఆమె కూడా అబద్ధపు ప్రమాణం చేయాల్సి రావచ్చు. బ్రియాన్‌తో మాట్లాడను.

అందుకని ఇక్కడ ఒకసారి రాస్తాను, తర్వాత ఈ పుస్తకం పొయ్యిలో వేస్తాను. అక్టోబరు అయిదున, పట్టపగలు, జాకు నాకు చెప్పాడు. అది తాగి వాగిన మాట కాదు. నేను నమ్మాను. అతను నిచ్చెన ఎక్కి నోరు తెరిచినప్పుడే, అతని ముఖం చూసే నమ్మాను. కొడుకు వస్తున్నాడన్న మనిషి అబద్ధం చెప్పడని నాకు ఆ క్షణమే తెలుసు.

పెరీన్ భోజనానికి పిలుస్తోంది. కింద పొయ్యి బాగా మండుతోంది.